ఇరుసు పైన హుక్కు

ఆ గదిలో ఉన్నవి ఇవి. కిటికీ పక్కన నవారు మంచం, మంచం మీద మా పెదనాయన అబ్రహాం. మంచం కింద మూత ఉన్న బకెట్టు, కొబ్బరినూనె సీసా, పౌడరు డబ్బా. గోడ గూట్లో బైబిలు, కళ్లద్దాలు, రేడియో, గడ్డం గీసుకునే సామాను. తలుపు దగ్గర చుట్టిపెట్టిన నా చాప, దాని మీద నా కాలేజీ సంచి. తలుపు అవతల పొయ్యి, పొయ్యి ముందు పెద్దమ్మ కరుణమ్మ. కిటికీలోంచి చూస్తే వాకిలి, వాకిట్లో చింతచెట్టు, చెట్టు కింద ట్రాక్టరు. ట్రాక్టరు దగ్గర మా నాయన, పెదనాయన కొడుకు జేమ్సన్న. ఇంతే మా ఇల్లు. నేను డిప్లొమా చదివిన కాలమంతా ఈ పట్టీలోంచి ఎవరమూ బయటికి రాలేకపోయాం.

పెదనాయన పోయాక మంచం విప్పి బయట పెట్టే పని నాకు పడింది. నంద్యాలలో నేను పనిచేసే ట్రాక్టర్ల వర్క్‌షాపులో సెలవు పెట్టి, ఆళ్లగడ్డలో బస్సు దిగి, మా ఊరి ఆటో ఎక్కాను. నవారు ఆయన ఒంటి ఆకారం పట్టి ఉంది. నడుము దగ్గర బాగా సాగి గుంట పడింది. కాళ్ల వైపు మాత్రం దాదాపు కొత్తదే. చిక్కిపోయిన ఆ కాళ్లు నవారును సాగదీసేంత బరువు ఏనాడూ లేవు. మంచం తీశాక గది ఎంత పెద్దదో తెలిసింది. అన్నేళ్లూ దాన్ని ఇరుకు గది అనుకున్నాను.

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. పెద్దమ్మే పెంచింది. అన్నదమ్ములిద్దరిదీ ఒకే పొయ్యి, ఒకే ట్రాక్టరు. నంద్యాల పాలిటెక్నిక్‌లో మెకానికల్ సీటు వచ్చినప్పుడు హాస్టల్లో నా ట్రంకుపెట్టె కూడా దించి వచ్చాను. ఆ వానాకాలమే పెదనాయన ట్రాక్టరు కింద పడ్డాడు. పెట్టె తిరిగి ఇంటికొచ్చింది. నడుము కింద చచ్చుబడిన మనిషిని వేళకు అటూ ఇటూ పక్క మార్చకపోతే వీపు పుండ్లు పడుతుందని ఆసుపత్రిలో గట్టిగా చెప్పి పంపారు. నాయన, జేమ్సన్న పొద్దున్నే ట్రాక్టరుతో పోతారు. పగలు పెద్దమ్మ, పక్కింటామె కలిసి చూసుకునేవాళ్లు. మిగతా వేళ నాది. పొద్దున బస్సులో నంద్యాలకు, సాయంత్రం బస్సులో వెనక్కి. క్లాసులో తోటివాళ్లు సినిమాకు పోదాం రమ్మంటే నేను బస్సు టైము చెప్పేవాణ్ని. కొన్నాళ్లకు వాళ్లు అడగడం మానేశారు.

ఆ ఇంట్లో పొద్దు వాసనలతో మొదలయ్యేది. ముందు కొబ్బరినూనె, పౌడరు. తర్వాత పెనం మీద పొంగే జొన్నరొట్టె, రోట్లో పెద్దమ్మ నూరే ఊరిబిండి పచ్చడి. ఆ తర్వాత కిటికీలోంచి డీజిలు పొగ. పెద్దమ్మ రొట్టె తడుతూ నోట్లోనే ఒక కీర్తన పాడుకునేది. మాట వినపడదు, రాగం మాత్రం చేతి దెబ్బలతో కలిసి వచ్చేది. ఆమెకు కోపం వచ్చిందంటే రాగం ఆగి దెబ్బలు మాత్రమే వినిపించేవి. అది వింటూనే ఆ పూట ఎవరు ఎంత మాట్లాడొచ్చో మాకు తెలిసిపోయేది. పెదనాయన మాత్రం ఏ రోజూ గడ్డం గీసుకోకుండా ఉండలేదు. ఎడమ చేతిలో అద్దం, కుడి చేతిలో రేజరు. గీసుకోవడం అయ్యాక అద్దాన్ని కిటికీ వైపు తిప్పి, మంచంలోంచి కనపడని వాకిలి మూలను చూసేవాడు. ట్రాక్టరు వెనక భాగం అందులో పడేది. ఇంజను చప్పుడు విని మంచంలోంచే తిట్టేవాడు. "రెండో గేర్లో యాడికి లాగుతాండాడు వీడు? దాని పానం తీస్తాండాడు గదనే!" పెద్దమ్మ పెనం మీద రొట్టె తిరగేసేది.

చూడ్డానికి మనుషులు వచ్చేవారు. చర్చి సంఘం వాళ్లు, పాణ్యం వైపు బంధువులు, ఆళ్లగడ్డ ఎరువుల అంగడి సెట్టి, ఎప్పుడో ఆయన ట్రాలీలో వడ్లు తోలించుకున్న రైతులు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆయన కథ చెప్పేవాడు. దానికోసమే గడ్డం గీసుకునేవాడని తర్వాత అర్థమైంది. "కాలవ కింది చేను. ట్రాలీ నిండా వడ్లు. చక్రం దిగబడింది. నేను ఎన్నిసార్లు లాగలేదప్పా అట్లాంటివి? ఆ పొద్దు రేగడి నన్ను చూసి నోరు తెరిసింది. సైతాను వచ్చి ముందు చక్రాలు పట్టి లేపినాడు. దేవుడేం చేసినాడు? నా కింద బురద మెత్తగా పరిసినాడు. గట్టి నేలైతే ఈ పొద్దు నీతో మాట్లాడతాందునా?" వచ్చినవాళ్లు "అంతా దేవుని కృపప్పా" అనేవారు. పెద్దమ్మ టీ ఇచ్చేది. కథ చెప్పినప్పుడల్లా ఆయన మొహం వెలిగేది. సైతానూ దేవుడూ ఇద్దరూ ఒకే పొద్దు తన కోసం కాలవ కింది చేనుకు దిగి వచ్చారు. అంతటి మనిషి ఆయన.

నిజంగా జరిగింది చెప్పాలంటే ముందు హుక్కు సంగతి చెప్పాలి. కంపెనీ ఇచ్చే హుక్కు వెనక ఇరుసుకు కింద, నేలకు దగ్గరగా ఉంటుంది. ట్రాలీని అక్కడే తగిలించాలి. మా నల్లరేగడిలో అలా తగిలిస్తే ట్రాలీ ముక్కు గట్లకు కొట్టుకుంటుంది, బురదను దున్నుతుంది. అందుకని పెదనాయన ఆళ్లగడ్డలో మందపాటి ఇనుప పలక కోయించి, సీటు వెనక, ఇరుసుకు బాగా పైన ఇంకో హుక్కు వెల్డింగు చేయించాడు. ట్రాలీ ముక్కు పైకి లేచింది. సరుకు బరువు కొంత ట్రాక్టరు వెనక చక్రాల మీద పడి వాటికి పట్టు దొరికింది. వేరేవాళ్లు బస్తాలు దించి నెత్తిన మోయించే చేలల్లోంచి ఆయన నిండు ట్రాలీతో బయటికి వచ్చేవాడు. చుట్టుపక్కల ఊళ్ల డ్రైవర్లు వచ్చి, జానతో కొలుచుకుని పోయి, తమ ట్రాక్టర్లకూ పెట్టించుకున్నారు. దానికి అబ్రహాం హుక్కు అని పేరు.

అది ఏం చేస్తుందో రెండో ఏడు మెకానిక్స్ క్లాసులో నాకు తెలిసింది. సారు చెప్పింది ట్రాక్టరు గురించి కూడా కాదు, బలాలు ఒక బిందువు చుట్టూ వస్తువును ఎలా తిప్పుతాయో చెబుతున్నారు. నేను నోట్సు రాయడం ఆపేశాను. వెనక చక్రం బురదలో ఇరుక్కుని తిరగలేనప్పుడు ఇంజను ఊరుకోదు. చక్రాన్ని తిప్పలేక ట్రాక్టరునే ఇరుసు చుట్టూ వెనక్కి తిప్పుతుంది. ట్రాలీని ఎంత ఎత్తు నుంచి లాగితే ముందు భాగం అంత తేలిగ్గా లేస్తుంది. హుక్కు కింద ఉంటే, ముందు కాస్త లేవగానే అది ఇంకా కిందికి దిగి లేపే బలాన్ని తగ్గిస్తుంది. పైన ఉంటే ఆ రక్షణ సరిగా పనిచేయదు. డ్రైవరు కాలు క్లచ్ మీదికి పోయేలోపే అంతా అయిపోతుంది. సైతాను ముందు నుంచి లేపలేదు. సీటు వెనక ఉన్నదే లేపింది.

ఆ సాయంత్రం బువ్వ దగ్గర చెప్పాను. పళ్లెం మంచం మీద పెట్టుకుని తింటున్న పెదనాయన ముద్ద ఆపి నన్ను చూశాడు.

"ఏందీ, హుక్కు వల్లనా?"

"అవును పెదనాయనా. దాన్ని కోసేసి కింద తగిలిస్తే..."

"ఆ హుక్కుతో నేను ఎన్నేండ్లు లాగినా? నీకు పాలిచ్చిన బర్రెకు గడ్డి తోలింది ఆ హుక్కుతోనే. రెండు పుస్తకాలు సదివొచ్చి నా ఇనుముకు వంకలు పెడ్తాండావా?"

జేమ్సన్న నవ్వు ఆపుకోడానికి నీళ్లు తాగాడు. నాయన తల ఎత్తలేదు. మరుసటి పొద్దున ట్రాక్టరు కడుగుతుంటే నాయనను ఒక్కణ్నే అడిగాను. నడిపేది ఆయనే కదా, ఆయన ఒక్క మాట అంటే చాలు. నాయన గుడ్డ పిండుతూ, "నీవు చెప్పింది నిజమే అయ్యుండొచ్చురా" అన్నాడు. "అయితే ఏమంటావ్? అన్న మంచంలో ఉండంగా నేను పోయి ఆయన పెట్టింది కోసేస్తే, నీ కాళ్లు నీవే ఇరగ్గొట్టుకున్నావని మొహం మీద చెప్పినట్ల కాదా? నాతో కాదు." ఆ మాట తర్వాత నాయన మీద నాకు కోపం రాలేదు. ఆయన కూడా నా లాగే, తలుపు దగ్గర చాప వేసుకున్న మనిషే అనిపించింది.

హుక్కు మార్చకుండా ముందు భాగం లేవకుండా చూడ్డానికి మా ఇంట్లో కనిపెట్టిన ఉపాయం జేమ్సన్న. మొదట బంపరుకు ఇసుక సంచులు కట్టి చూశారు, దారిలోనే చినిగిపోయాయి. జేమ్సన్న చినగడు. వడ్ల బస్తా కన్నా ఎక్కువ తూగుతాడు. చేను తడిగా ఉన్నప్పుడల్లా అతను ముందు బంపరు మీద, రేడియేటరుకు వీపు ఆనించి, రెండు వైపులా హెడ్‌లైట్ల కడ్డీలు పట్టుకుని కూచునేవాడు. పెదనాయనే మంచంలోంచి ఆ ఏర్పాటు చేశాడు. కాలేజీకి సెలవున్న రోజుల్లో చూసేవాణ్ని. అంగడి ముందు కూచున్నవాళ్లు వదిలేవారు కాదు.

"ఏమప్పా జేమ్సూ, తేరెక్కి ఊరేగుతాండావా?"

"టెంకాయ కొట్టు, దీవిస్తా," అనేవాడు జేమ్సన్న.

"నీకా టెంకాయ? నీకు మూడు రొట్టెలు ఎక్కువేస్తే చాలు, ట్రాక్టరు భూమిలోకి దిగుతాది!"

అందరూ నవ్వేవారు, నేను తప్ప. జేమ్సన్నకు ఆ యేడే పెళ్లి కుదిరింది. ముందు భాగం లేస్తే మొదట గాల్లోకి పోయేది అతనే. ట్రాక్టరు తిరగబడితే అతను ఎక్కడ పడతాడో క్లాసులో కూచుని గీసి చూసేవాణ్ని. ఎలా గీసినా చోటు ఒకటే, ట్రాక్టరు కింద. నాయన కూడా ఆ చోటికి దగ్గర్లోనే ఉండేవాడు.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ మోకాళ్ల దాకా బురదతో అన్నానికి వచ్చారు. జేమ్సన్న కాళ్లు కడుక్కోకుండానే వంటింటి గడపలో కూచుని, "ఈ పొద్దు నేను విమానం ఎక్కినామ్మా!" అన్నాడు. పెద్దమ్మ రొట్టె తడుతూ ఉంది.

"ఏం విమానం?"

"కాలవ దాటేకాడ చిన్నాయన క్లచ్ ఇడిసినాడు, నేను పైకి లేసినా. పొలాలన్నీ కనపడినాయి."

"ఎంత లేసింది?"

"ఎంతలే, జానెడు."

పెద్దమ్మ నాయన వైపు తిరిగింది. మరిదిని ఆమె ఎప్పుడూ పేరు పెట్టి పిలవదు. "నీవు చెప్పప్పా. జానెడేనా?"

నాయన చేతిని తన నడుము దగ్గర పెట్టి చూపించాడు.

రాగం ఆగింది. రొట్టె దెబ్బలు కూడా ఆగాయి. తట్టిన పిండి పీట మీదే ఉంది, పెనం ఖాళీగా పొగ కక్కుతోంది. గదిలో పెదనాయన, "ఏమైంది ఆడ? రొట్టె ఏదీ?" అని అరుస్తున్నాడు. పెద్దమ్మ పెనం దించి, చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి, "మీ పెదనాయనకు మాటలు చెప్పొద్దు. మాటల్లో ఆయప్పను గెలిసినోళ్లు లేరు. నీవు సదివింది నిజమైతే చూపీ" అంది.

ఆదివారం ప్రార్థన అయి గుడినుంచి వచ్చాక చూపించాను. నాయన, జేమ్సన్న మంచాన్ని మోసి తలుపు దాటించారు. ఆసుపత్రి నుంచి తెచ్చాక పెదనాయన వాకిట్లోకి రావడం అదే మొదటిసారి. ఎండకు కళ్లు చికిలించి, ముందు ట్రాక్టరును చూశాడు. చాలాసేపు చూశాడు. "టైర్లు అరిగిపోయినాయి గదరా" అన్నాడు. ఏం చేయబోతున్నానో చెప్పాను. వద్దనలేదు. తన హుక్కు మీద ఆయనకు అంత నమ్మకం.

చింతచెట్టు మొదలుకు గొలుసు కట్టాం. మొదట కంపెనీ హుక్కుకు, అంటే ఇరుసు కింద తగిలించాం. అందర్నీ పక్కకు పంపి నేను సీటెక్కాను. మొదటి గేరు, ఇంజను వేగం పెంచకుండా తక్కువ రేజు, క్లచ్ మీదినుంచి కాలు పూర్తిగా తీయకుండా మెల్లగా వదిలాను. గొలుసు బిగిసింది. వెనక చక్రాలు నేలను గీకుతూ అక్కడే తిరిగాయి, మట్టి ఎగిరింది. ముందు చక్రాలు కదలలేదు. ఆపాను. గొలుసును పైన, ఆయన హుక్కుకు మార్చాం. అదే గేరు, అదే రేజు. గొలుసు బిగిసింది. ఈసారి చక్రాలు తిరగలేదు. ఏ చప్పుడూ మారలేదు, ఏ కుదుపూ లేదు. బానెట్టు మెల్లగా పైకి వచ్చి ఎదురుగా ఉన్న గోడ కనపడకుండా పోయింది. ఆకాశం కనిపించింది. పెద్దమ్మ "యేసయ్యా!" అని అరవడం విన్నాను. క్లచ్ తొక్కాను. ముందు చక్రాలు ధన్‌మని నేల మీద పడ్డాయి. నా పళ్లు నాలుక్కు తగిలి నోట్లో రక్తం వచ్చింది.

"మళ్లీ" అన్నాడు పెదనాయన.

మళ్లీ చేశాను. మళ్లీ లేచింది. ఈసారి నేను ఆయన మొహం చూస్తున్నాను. ఆయన ముందు చక్రాలను చూడటం లేదు. సీటు వెనక గొలుసు తగిలించిన చోటునే చూస్తున్నాడు.

"చాల్లే. నన్ను లోపల పెట్టండి."

సోమవారం పొద్దున ఆయన గడ్డం గీసుకోలేదు. అద్దం గూట్లోనే ఉంది. రొట్టె తినలేదు. నాయన ట్రాక్టరు స్టార్టు చేశాడు, ఏం చేయాలో తోచక జేమ్సన్న ఎప్పటిలాగే బంపరెక్కాడు. ఎవరూ వద్దనలేదు. నేను సంచి భుజాన వేసుకుని బస్సుకు బయల్దేరబోతూ గడపలో ఆగిపోయాను. చేయగలిగింది చేశాను, ఇంక నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ట్రాక్టరు కదలబోతుండగా గదిలోంచి పిలుపు.

"జేమ్సూ!"

"ఏం నాయనా?"

"దిగు."

"దిగి?"

"దిగు అంటాండా గదరా! ఆళ్లగడ్డకు పోయి వెల్డింగాయన్ను బేగా పిల్సుకోని రాపో. ఆ ఇనుము కోపియ్యి."

నాయన ఇంజను ఆపి కిటికీ దగ్గరికి వచ్చాడు. "అన్నా, నీవు బాగా ఆలోచన చేసే చెప్తాండావా?"

"నేనే చెప్తాండా." పెదనాయన గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. "రేగడి తప్పేం లేదు."

ఆ రోజు నేను కాలేజీకి పోలేదు. హుక్కు కోసినంతసేపూ ఇనుము కాలిన వాసన గది నిండా ఉంది. కిటికీ మూయనా అని అడిగితే వద్దన్నాడు. తర్వాత పని కష్టమైంది. ట్రాలీ ముక్కు గట్లకు కొట్టుకుంటే గట్లను వాలుగా చెక్కుకున్నారు. తడి చేలల్లో సగం సరుకే వేశారు. దిగబడితే ముందుకు లాగకుండా తవ్వి వెనక్కి తీశారు. డ్రైవర్లు ఎగతాళి చేశారు. జేమ్సన్న బంపరు దిగి సీటెక్కాడు, ఆ యేడే పెళ్లి చేసుకున్నాడు. ఇప్పుడు అతనికి ఇద్దరు ఆడపిల్లలు.

కానీ పెదనాయన మళ్లీ కథ చెప్పలేదు. ఎవరైనా వచ్చి "ఎట్లా జరిగిందప్పా?" అంటే, "జరిగింది లే" అనేవాడు. చెప్పేదేమీ లేని మనిషి దగ్గర ఎంతసేపు కూచుంటారు? టీ తాగి లేచేవారు. రావడం తగ్గింది. ఆయన వారానికొకసారి గడ్డం గీసుకునేవాడు, అది కూడా పెద్దమ్మ గొడవ చేస్తే. సైతానూ దేవుడూ వెళ్లిపోయాక ఆ గదిలో ఆయన ఒక్కడే మిగిలాడు, తన హుక్కుతో. అప్పటిదాకా మంచంలో చిక్కుకుని ఉన్నాడు. ఆ తర్వాత అంతకన్నా ఇరుకైన చోట చిక్కుకున్నాడు. ఒకసారి పక్క మారుస్తుంటే నా భుజం పట్టుకుని, "ఆ కథ ఉన్నప్పుడు బాగుండెరా" అన్నాడు. తిట్టడం కాదు, ఊరికే చెప్పాడు. నేను ఆయన వీపుకు పౌడరు రాశాను. చదువు అయ్యాక నంద్యాలలో ఉద్యోగం దొరికింది, నా చాప ఖాళీ అయింది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆయన అడిగేది ఒకటే: "ఎవరైనా కోపిస్తాండారా?" కొందరు కోయిస్తున్నారని చెప్పేవాణ్ని. అబద్ధం కాదు. కొందరే.

ఇప్పుడు ట్రాక్టర్లు మారాయి. అప్పటి మా బండికన్నా బలమైనవి. కొన్నిటికి సీటు వెనక ఇనుప చట్రం, నడుముకు బెల్టు వస్తున్నాయి. తిరగబడినా మనిషి నలగకుండా అవి కాపాడతాయి. మా వర్క్‌షాపుకు వచ్చేసరికి చట్రం ఉండదు. చెట్ల కొమ్మలకు తగులుతోందని విప్పి పశువుల కొట్టంలో పెట్టుకుంటారు. బెల్టుతో టిఫిను క్యారియరు కట్టుకున్నవాణ్ని చూశాను. బలం పెరిగింది కాబట్టి ముందు భాగం మరింత తొందరగా లేస్తుంది. నేను అందరికీ చెబుతాను, చిన్న బొమ్మ గీసి చూపిస్తాను. వింటారు. మనిషి ట్రాక్టరు కింద ఉన్నప్పుడు అతని ఇల్లు మొత్తం ఎలా ఉంటుందో బొమ్మలో గీయలేను.

మంచం తీసిన వారానికి పెదనాయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. ఇంటి ముందు పందిరి వేశారు. పాస్టరుగారు అబ్రహామన్న సాక్ష్యం అంటూ రేగడి నోరు తెరవడం, దేవుడు బురద మెత్తగా పరచడం, అంతా చెప్పారు. పాతకాలం వాళ్లకు ఆ కథ ఇంకా జ్ఞాపకం ఉంది. పెద్దమ్మ ముందు వరసలో కదలకుండా కూచుంది. ఊళ్ల నుంచి బంధువులు ట్రాలీల్లో వచ్చారు కాబట్టి బయట ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. నేను లేచి బయటికి వెళ్లాను. నా ఈడు డ్రైవరొకడు తన ట్రాక్టరు మడ్గార్డుకు ఆనుకుని ఉన్నాడు. సీటు వెనక పలక, పలకకు హుక్కు, రంగు కూడా కొత్తగా వేసి ఉంది.

"మీ పెదనాయనదే గదప్పా ఇది, అబ్రహాం హుక్కు," అన్నాడు, నన్ను సంతోషపెడదామని. "ఇది లేకుంటే మా చేలల్లో అడుగు పడదు."

"ఆయన దీన్ని కోయించినాడు."

"కాళ్లు పోయినంక ఆయనకు దాంతో పనేముంది? కోపిచ్చినాడు లే."

లోపల ఆఖరి ప్రార్థనకు అందరూ లేచి నిలబడ్డారు. నేను వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక్కొక్క ట్రాక్టరు వెనక ఆగి వంగి చూస్తూ నడిచాను. కూడికకు వచ్చిన ట్రాక్టర్లు పదమూడు. హుక్కు ఇరుసు పైన ఉన్నవి తొమ్మిది.